రాశి కదలదు

పి.గన్నవరంలో పల్లాలమ్మ గారి కొబ్బరి కొట్టు మీద నా గది.
అద్దె మూడు వేలు, పీచు వాసన ఉచితం.
కింద ఏసుపాదం రెండేసి కాయలు విసురుతూ
"లాభం" అని లెక్క మొదలెట్టేసరికి
పైన నేను కంప్యూటర్ తెరుస్తాను.

ఎక్కడో తయారయ్యే ఒక కారుకి
డ్రైవరు ముందుండే తెర కోసం ప్రోగ్రాము రాస్తున్నాను.
ఒకటే చిప్పు. అందులో రెండు కాపురాలు.
ఇంటాయన వేగం చూపిస్తాడు, బ్రేకు దీపం వెలిగిస్తాడు.
అద్దెకున్నవాడు దారి పటం గీస్తాడు, పాటలు పెడతాడు.
తానుండేది ఎవరింట్లోనో వాడికి తెలియదు,
ఇల్లంతా తనదే అనుకుంటాడు.
తెర మాత్రం ఇంటాయన చేతిలో ఉంది.

మొదట్లో తెలివితక్కువగా మోయించాను.
వాడు గీసిన ప్రతి బొమ్మనీ చుక్క చుక్కా
ఆ వసారాలోంచి ఈ వసారాలోకి.
బొమ్మకి ఎనభై మూడు లక్షల బైట్లు,
సెకనుకి అరవై బొమ్మలు.
చిప్పు కాలింది. ఫ్యాను రొద పెట్టింది.
పటం మాత్రం ఎదురుగాలిలో పంటులా వచ్చింది.

ఆ రోజు కింద బేరం తెగింది. పదివేల కాయ.
లారీ వస్తుందని కిటికీలోంచి చూస్తున్నాను.
రాలేదు.
పల్లాలమ్మ గారు అగ్గిపెట్టె అట్ట చింపి
ఒక నంబరు వేసి కొన్నవాడికిచ్చింది.
అంతే.
ఒక్క కాయా కదల్లేదు, రాశి చేతులు మారింది.

ఆ రాత్రే మోత మాన్పించాను.
బొమ్మని గీసినచోటే ఉంచి
ఇంటాయనకి చీటీ పంపాను.
ఉన్నది ఒకే పేజీ,
వాడి లెక్కలో ఒక తలుపు నంబరు, ఈయన లెక్కలో ఇంకొకటి.
ఫ్యాను ఊరుకుంది. పటం తేలుతూ వచ్చింది.

కానీ వైనతేయ తెగింది.
పైసగం ఇప్పటి నది, కిందిసగం ఇందాకటి నది,
మధ్యలో అక్విడక్టు జానెడు పక్కకి విరిగి.
కారు వంతెన మీదుందో నీళ్లలో ఉందో
రాసినదాన్ని, నాకే తెలియలేదు.

మూడు రోజులు అన్నం సయించలేదు.
నాలుగోనాడు కింద కేకలు.
ఏసుపాదం ఇంకా లెక్కలో ఉండగానే
కొన్నవాడి కూలీలు రాశిలో చెయ్యి పెట్టారు.
"ఆగండెహె! నోట్లో లెక్క పుస్తకంలో పడాలి,
నేను సరి అనాలి, అప్పుడు ముట్టుకోండి!"

ఆ మాట గోడ మీద పెన్సిలుతో రాసుకున్నాను.
గీసేవాడు దగ్గర దాచుకున్న చుక్కలన్నీ
ముందు పేజీలో దించాలి. సరి అనాలి.
అందాకా చూసేవాడు పాత బొమ్మతో సర్దుకోవాలి.
చూసినవాడూ సరి అనాలి,
అందాకా గీసేవాడు ఇంకో పేజీ వెతుక్కోవాలి.
తెల్లారుజామున నది అతుక్కుంది.

సాయంత్రం అక్విడక్టు మీదికి నడిచాను.
కాలువ పైన, నది కింద.
ధవళేశ్వరం దగ్గర విడిపోయిన ఒకే నీరు
ఇక్కడ ఒకదాని నెత్తిమీంచి ఒకటి
ముఖపరిచయం లేనట్టు పోతోంది.

దిగి వచ్చి, ఉండబట్టలేక, పల్లాలమ్మ గారికంతా చెప్పాను.
ఆవిడ తమలపాకు ఈనె తీస్తూ విన్నది.
"చీటీ ఇచ్చేవు, బాగుంది. మళ్లీ పుచ్చుకుంటున్నావా?"
నేను మాట్లాడలేదు.
"పోయినేడు ఒకడు చీటీ జేబులో ఉండగానే పోయాడమ్మా.
కాయ మొలకలెత్తింది.
నేను అమ్మాలేదు, ముట్టాలేదు. వాడిది కదా."

మెట్లు రెండేసి ఎక్కాను.
పొద్దుట్నుంచీ అద్దెకున్నవాడు నాలుగుసార్లు చచ్చి బతికాడు.
చచ్చినప్పుడల్లా వాడి పేరున కొన్ని పేజీలు,
ఎవరూ గీయనివి, ఎవరూ చూడనివి,
ఎవరికీ ఇవ్వడానికి లేనివి.
కుర్చీ లాక్కుని
ఏసుపాదంలాగే మొదలెట్టాను.
లాభం, రెండు, మూడు...